గాలి ఆడని పాతర

"విప్పు," అంది ప్రేమలత మళ్ళీ.

రాజమౌళి చొక్కా గుండీలు పెట్టుకుంటూనే ఉన్నాడు. ఏనాడూ పెట్టుకోని మెడ దగ్గరి గుండీని కూడా ఇవాళ వదల్లేదు.

"నువ్వు విప్పుతవా, నన్ను విప్పమంటవా?"

"పొద్దుగాల్నే ఏం లొల్లే నీది? చలి పెడ్తాందని లోపట బనీనేసుకున్న. గంతే."

"ఎండకు పైన రేకులు పటపటమంటానయ్, నీకు చలి పెడ్తాందా? సబ్బిద్దామని వచ్చి కండ్లార చూసిన. ఛాతి సుట్టు ఏం కట్టుకున్నవో చూపెట్టు."

అవతలి గదిలో మగ్గం ముందు కూచున్న వినోద చేతులు ఆగిపోయాయి. జంపఖానాలో ఎర్రపువ్వు సగం దాకా వచ్చింది. మిగతా సగానికి ఏ రంగు అనుకుందో ఒక్క క్షణం ఆమెకు గుర్తు రాలేదు.

చిన్న పెనుగులాట వినిపించింది. చొక్కా గుండీ ఒకటి తెగి, గడప దాటి దొర్లుకుంటూ వచ్చి వినోద కాలివేలి దగ్గర పడింది.

ఆ తర్వాత చప్పుడు లేదు.

ఉండబట్టలేక లేచి గడప దాకా వచ్చింది వినోద. తమ్ముడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చొక్కా తెరిచి ఉంది. చంకల కింది నుంచి మెడ ఎముకల దాకా తెల్ల నూలు గుడ్డ, బాలింత నడుముకు కట్టినట్టు, బిగించి చుట్టి ఉంది. కుడివైపు పైన గుడ్డ కింద మడతలు పెట్టిన మెత్త ఒకటి ఇటుకలా ఉబ్బి కనిపిస్తోంది. గుడ్డ అంచు వెంట చర్మం ఒరుసుకుని కమిలిపోయింది.

ప్రేమలత అరుస్తుందనుకుంది వినోద. ఆమె అరవలేదు.

"ఇదెవలు కట్టిన్రు?"

"నేనే కట్టుకున్న," అన్నాడు రాజమౌళి.

"తిరుగు."

భుజం పట్టుకుని తిప్పి, వెనక చొక్కా పైకెత్తింది. వీపు మధ్యలో ముడి ఉంది. పడుగులో తెగిన పోగును అతికేటప్పుడు వేసే ముడి అది. చిన్నగా, చదునుగా, తడిమితే తప్ప తెలియకుండా ఉంటుంది. తొర్రూరులో వడ్లు అమ్ముకునే ఇంట పుట్టిన ప్రేమలతకు, ఇన్నేళ్ళు ఈ ఇంట్లో కాపురం చేసినా ఆ ముడి పట్టుబడలేదు. రాజమౌళి మార్కెట్‌యార్డులో మిర్చి బస్తాలు మోసే హమాలీ. అతనికీ రాదు. ఈ ఇంట్లో అది తెలిసిన చేతులు రెండే.

ప్రేమలత ముడి మీది చూపు తీసి గడప దగ్గర నిలబడిన ఆడబిడ్డ చేతుల వైపు చూసింది.

"వదినా."

వినోద చేతిలోని ఎర్ర నూలు కండెను పైట చాటుకు తీసుకుంది.

"అడగకముందే చెప్తవని చూస్తాన."

"నేనే కట్టిన," అంది వినోద.

"అక్కనేం అనకు," రాజమౌళి అడ్డం వచ్చాడు. "కట్టమన్నది నేను."

"నిన్ను అడగలే. ఊపిరి ఆడక సచ్చే మనిషికి ఛాతి సుట్టు కట్టు కట్టుడేందని మీ అక్కను అడుగుతాన."

"బూజుకు గాలి గావాలె," అన్నాడు రాజమౌళి. పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా ఆగకుండా చెప్పుకుపోయాడు. "నా ఛాతిల ఉన్నది బూజేనాయె. గాలి దొరకకుంట జేస్తే అదే సస్తది. నేలల తవ్విన జొన్నల పాతర ఎట్ల మూస్తరు? మీద మట్టితోని, పేడతోని సందు లేకుంట మెత్తుతరు. లోపట పురుగు బతకది, పుట్ర బతకది. ఇగ కోసుడెందుకు, హైదరాబాద్ పోవుడెందుకు? కట్టినప్పటి సంది చూడు, ఒక్కనాడన్న రక్తం పడ్డదా?"

ఆ మాటే వినోదను ఇన్నాళ్ళు నిలబెట్టింది. రక్తం పడలేదు. దగ్గు ఉంది, ఆయాసం ఉంది, రక్తం మాత్రం పడలేదని తమ్ముడే రోజూ చెప్తున్నాడు. అది విన్న పూటల్లా ఆమె కాస్త అన్నం తిన్నది.

వయసులో ఉన్నప్పుడు అతనికి టీబీ వచ్చింది. మందులు మింగి నయం చేసుకున్నాడు కానీ, కుడి ఊపిరితిత్తి పైభాగంలో గుంతలాంటి బొంద ఒకటి మిగిలిపోయింది. ఎన్నో ఏళ్ళు ఖాళీగా ఉన్న ఆ బొందలో ఇప్పుడు ఫంగస్ చేరి ముద్దకట్టింది. నెలల తరబడి వేసిన గోళీలకు అది ఇంతైనా తరగలేదు. చలికాలంలో మొదటిసారి దగ్గులో రక్తం పడ్డది. ఆ ముక్క కోసి తీసెయ్యాలని, వచ్చే గురువారానికి హైదరాబాద్‌లో ఏర్పాటు చేశానని డాక్టరు చెప్పింది. అవునో కాదో ఇవాళ సాయంత్రానికల్లా చెప్పాలి.

రాజమౌళి కూతురు అక్షర మగ్గం కింద నుంచి ఏదో తీసుకుని వచ్చింది. హన్మకొండలో డిగ్రీ చదివే పిల్ల. ఊపిరి బలంగా పీల్చి బంతులు పైకి లేపమని దవాఖానలో ఇచ్చిన మూడు బంతుల డబ్బా ఆమె చేతిలో ఉంది. నిండా నూలు ధూళి.

"డాడీ, దీన్ల సాలీడు ఇల్లు కట్టుకున్నది," అంది. "దానికన్న గాలి మంచిగ ఆడ్తాంది."

రాజమౌళికి నవ్వు రాబోయి దగ్గు వచ్చింది. అటు తిరిగి, చొక్కా మెడలో మూతి దాచుకుని దగ్గాడు.

"నవ్వు బిడ్డా, నవ్వు," అంది ప్రేమలత. "మీ అత్త కట్టింది గనుక అది రక్షాబంధనమైంది. గదే నేను కడితే ఉరితాడని వాడకట్టంత చెప్తురు."

"ప్రేమా..." అంది వినోద.

"ఒక్క మాట వదినా. నాతోని ఇప్పుడే దవాఖానకు రా. నువ్వు కట్టినదాని సంగతి నీ నోటితోనే డాక్టరమ్మను అడుగు. కడితే సస్తదని ఆమె అంటే, రేపటి సంది నేనే కడ్త. నీకన్న గట్టిగ కడ్త. సావదంటే..."

"సావదంటే?"

"కట్టిన చేతులతోనే విప్పాలె. ఆయన నా మాట ఇనడు. నీ మాటైతే ఇంటడు. గది నాకు పెండ్లైన కాన్నుంచి ఎరుకే."

వినోద చేతిలో ఎర్ర నూలు కండె ఇంకా అలాగే ఉంది. దాన్ని మగ్గం మీద పెట్టి, పైట సర్దుకుంది.

"నడువు," అంది.

*

డాక్టర్ ఫౌజియా మట్టెవాడ మనిషి. పెద్ద చదువు చదివి వచ్చినా మాట మాత్రం ఆ గల్లీల్లోదే. వినోద చెప్పిందంతా నడుమ ఆపకుండా విన్నది.

"జర గట్టిగనే కట్టినవా అమ్మా?"

"గట్టిగనే కట్టిన."

డాక్టరు నవ్వలేదు, కోప్పడలేదు. గోడకున్న వెలుగు పెట్టెకు రాజమౌళి ఛాతీ ఫిల్ము తగిలించింది.

"ఇటు చూడు. ఈ నల్లగున్నది పాత టీబీ చేసిన బొంద. దాంట్ల తెల్ల ముద్ద ఫంగస్. ముద్ద మీద నెలవంక లెక్క నల్లగీత కనపడ్తాందా? గదే గాలి."

ఆ సన్నటి వంపుగీత కేసి వినోద చాలాసేపు చూసింది. ఇన్నాళ్ళు తను గుడ్డతో మూయాలని చూసిన సందు అదే. గోటి అంచంత కూడా లేదు.

"గా గీత గుడ మూసుకపోతే?" అడిగింది.

"ముద్ద నడుమ ఇప్పటికే గాలి లేదమ్మా. వచ్చే కొంచెం గాలి పైపొరకే సరిపోతది, లోపలికి అందది. అయినా లోపలిది బతికే ఉన్నది."

"ఎట్ల బతుకుతది?" వినోద ముందుకు వంగింది. "గాలి లేకుంట ఏదన్న బతుకుతదా?"

"అది ఎక్కడిదనుకుంటానవ్? ఎరువు కుప్పలది, మురిగిన గడ్డిది. పెంటకుప్ప నడుమ గాలి ఎంతుంటది? పుట్టిందే గసొంటి జాగాల. గాలి తక్కువైతాందంటే దానికి ఎంబడే తెలుస్తది. తెలుస్తనే బతికే పద్ధతి మార్చుకుంటది."

"మార్చుకుంటదా?"

"కల్లు ఎట్ల పులుస్తది? కుండల ఉన్న సన్న జీవాలు తీపిని సారగ చేసుకుంట బతుకుతయ్. ఇది గుడ అటువంటిదే. గాలి లేని కాడ తీపిని గట్ల వాడుకుని, తక్కువ బలంతోనే పూట గడుపుకుంటది. ఒంటికి జిగురు పూసుకుంటది. పెరుగుడు తగ్గించి పడుకుంటది. మా మందులు పెరిగేదాన్ని కొడ్తయ్. పడుకున్నదాన్ని కొట్టుడు కష్టం. పైగా మందు పోవాలంటే రక్తంల పోవాలె. ఆ ముద్దల రక్తమే లేదాయె."

ప్రేమలత వదిన వైపు చూడకుండా బల్ల అంచును గోటితో గీకుతోంది.

"ల్యాబుల గాలి తక్కువ చేసుకుంట, తరం మీద తరం పెంచి చూసిన్రమ్మా," అంది ఫౌజియా. "అది సావలే. ముడతలు ముడతలు పడి, ఇంక మొండిగ తయారైంది. నీ లెక్కనే సైంటిస్టులు గుడ అనుకున్నరేమో, గాలి తీసేస్తే పీడ పోతదని."

చిన్నబుచ్చకూడదని అన్న మాట అది. వినోదకు అర్థమైంది. అర్థమైనందుకే కళ్ళు నిండాయి.

"ఇంకో సంగతి. మన రక్తంల తెల్ల కణాలుంటయ్, ఫంగసును చంపే సిపాయిలు. వాటికి మటుకు గాలి గావాలె. నువ్వు దొంగను పస్తు పెడ్తాననుకున్నవ్. పస్తున్నది పోలీసోళ్ళు."

ప్రేమలత నోటి నుంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వచ్చింది.

"కానీ రక్తం ఆగిందిగదా డాక్టరమ్మా?" అంది వినోద. ఆమెకు మిగిలింది ఆ ఒక్క మాటే. "కట్టినప్పటి సంది పడలే."

ఫౌజియా కళ్ళజోడు తీసింది.

"ఎవలు చూసిన్రు?"

"వాడే చెప్పిండు."

"ఆయన చెప్పిండు," అంది డాక్టరు నెమ్మదిగా. ఇంకేదో అనబోయి ఆగింది. "కట్టు ఇవ్వాళనే విప్పెయ్యి. ముద్ద పక్కపొంటి రక్తనాళం ఉన్నది. అది తెగిన పూట నాకు ఫోన్ చేసేంత టైం గుడ ఇయ్యది."

"కోస్తే వాడు మళ్ళ ఇంటికొస్తడా?"

"మాట ఇయ్యలేనమ్మా. ఊపిరితిత్తిల ముక్క తీసుడు చిన్న పని కాదు, ప్రమాదం లేదని చెప్తే అబద్ధమైతది. కానీ కోస్తే వచ్చే మోఖా ఉన్నది. కోయకుంటే నాకు ఏ దారీ కనపడ్తలేదు. సాయంత్రం లోపట చెప్పకుంటే హైదరాబాద్‌ల పెట్టిన ఆ మంచం ఇంకోళ్ళకు ఇచ్చేస్తరు."

*

ఆటోలో ఇద్దరూ చెరో అంచుకు ఒదిగి కూచున్నారు. నడుమ ఇంకొక మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

రైల్వే స్టేషన్ ముందు ఆటో ఆగిపోయింది. జనం సామాన్లు ఎత్తుకుని రోడ్డు దాటుతున్నారు. వినోద ముఖం అటు తిప్పుకుంది. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళు ఉండి, ఆ మెట్లు మళ్ళీ ఎక్కని మనిషి ఆమె.

ఆమె పెనిమిటి సదానందం ఆ మెట్లెక్కే భీవండి పోయాడు. అక్కడ మరమగ్గాల మీద పని దొరుకుతుందని, బతుకమ్మ పండుగకు వస్తానని, రైలు తలుపులో నిలబడి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి కనిపించినంత దూరం ఆమె ప్లాట్‌ఫారం వెంట నడిచింది. పండుగలు వచ్చాయి. వచ్చినవాళ్ళు, అతను వేరే మిల్లుకు మారాడని, ఇంకో ఊరికి పోయాడని, కనపడలేదని చెప్పారు. తర్వాత చెప్పేవాళ్ళు కూడా రాలేదు. అమ్మ కట్టమ్మ పోయాక తన దగ్గరికి తెచ్చుకుని పెంచిన తమ్ముడు మాత్రం ఎటూ పోలేదు. యార్డు నుంచి మిర్చి ఘాటుతో తుమ్ముకుంటూ రోజూ ఇంటికే వచ్చాడు.

"వదినా, నన్నొక మాట అననియ్యి," అంది ప్రేమలత. "నువ్వు ఆయనకు నయం గావాలని కట్టలే. ఆయన రైలెక్కొద్దని కట్టినవ్."

ఆటో కదిలింది. కాశిబుగ్గ మలుపు తిరిగింది.

"రెండూ ఒక్కటే అనుకున్న," అంది చివరికి.

వాళ్ళ మధ్య ఉన్న ఖాళీలోకి ప్రేమలత చెయ్యి వచ్చింది. వినోద చేతిని పట్టుకోలేదు. పక్కన ఆగింది, అంతే.

*

రాజమౌళి అక్క కూచునే చోట, మగ్గం ముందు కూచున్నాడు. పని రాకపోయినా, మనసు బాగాలేనప్పుడు అక్కడ కూచోవడం అతనికి చిన్నప్పటి అలవాటు. డబ్బా అతని పక్కనే ఉంది. అక్షర కడిగి పెట్టినట్టుంది, బంతులు మెరుస్తున్నాయి.

"ఏమంటది మీ డాక్టరమ్మ?"

"కట్టితే సావదంటది," అంది వినోద.

"అంటది మరి. కోసేటోళ్ళ తరఫునే మాట్లాడ్తది. ఆమె పాతర చూసిందా? పాతర మూసిందా?"

"నేను చూసిన."

"చూసినదానివి నీకు తెల్వదా? గాలి ఆడని కాడ ఏం బతుకుతది? బాపు ఏమైండు?"

ఆ మాట ఇంట్లో ఎవరూ అనరు. ప్రేమలత వంటింటి గడప దగ్గరే ఆగిపోయింది.

వాళ్ళ నాయన మొగిలయ్య మగ్గమూ నేసేవాడు, జొన్న చేనూ చేసేవాడు. వాళ్ళ పాతర ఇంటి ముందు నేలలో లోతుగా తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి మూసిన గొయ్యి. తెరిచాక ఒక పూట వదిలెయ్యాలి. ముందు దీపం దించి చూడాలి. దీపం ఆరితే మనిషి దిగకూడదు. ఆ రోజు వాన మబ్బు కమ్ముకొచ్చింది. గింజ తడుస్తుందన్న తొందరలో మొగిలయ్య దీపం దించకుండానే దిగాడు. దిగిన మనిషి పైకి రాలేదు. అప్పటికి రాజమౌళి ఉయ్యాలలో ఉన్నాడు. అతనికి తెలిసినదంతా పెద్దయ్యాక నలుగురి నోటా విన్నదే.

"బాపంత మనిషిని మింగింది ఆ పాతర," అన్నాడతను. "బాపు సచ్చిన కాడ, గింత బూజు బతుకుతదా అక్కా?"

వినోద వచ్చి అతని ఎదురుగా నేల మీద కూచుంది.

"బాపు పోయినంక ఆ జొన్నలు ఏమైనయో నీకు తెలుసా?"

"నాకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పలే. ఆ పాతర ముచ్చటెత్తితే అమ్మ ఇంట్ల పొయ్యి ఆర్పేసేది. దినాలైనంక తినెటందుకు ఏం లేదు మౌళి. ఉన్నయి గవే జొన్నలు. చిన్నబాపు తోడి పోస్తాంటే అమ్మ, నేను వాకిట్ల జల్లెడ పట్టినం."

"అక్కా, వద్దు..."

"ఇను. నేనూ మర్చిపోయిన. డాక్టరమ్మ ఎరువు కుప్పల నడుమ గుడ అది బతుకుతదన్నంక నాకు యాదికొచ్చింది. పైన జొన్నలు మంచిగనే ఉన్నయ్. అడుగుకు పోయినంక ఒక మూల గడ్డి నల్లగయింది. నీళ్ళు ఊరినయో ఏమో. జొన్నలు ముద్దలు ముద్దలు కట్టినయ్. పిడికిట్ల పట్టి పిసికితే విడలే. లోపట బూజు, సాలెగూడు లెక్క, గింజకు గింజకు అల్లుకున్నది. పసరం గుడ మూతి పెట్టలే."

రాజమౌళి కళ్ళు ఆమె ముఖం మీద నిలిచిపోయాయి.

"అది పాతర తెరిచినంక వచ్చిన బూజు కాదు తమ్మీ. మూసిన పాతరల పెరిగిన బూజు. బాపుకు దొరకని గాలి దానికీ దొరకలే. బాపు పోయిండు. అది ఉన్నది."

వీధిలో ప్లాస్టిక్ సామాన్ల బండివాడు అరుచుకుంటూ పోయాడు.

"ఎందుకట్ల?" అన్నాడు రాజమౌళి. అరవై బస్తాలు మోసిన రోజున కూడా అంత అలసటగా వినిపించని గొంతు. "బాపు ఎందుకు బతకలే?"

"బాపు మనిషి. మనిషికి గాలి లేకుంటే ఇంకో పద్ధతి లేదు. దానికున్నది. డాక్టరమ్మ గదే చెప్పింది. గాలి తక్కువైన కొద్ది అది మారుతది, మొండికేస్తది. నేను కట్టిన కట్టుకు సచ్చేది అది కాదు. నువ్వు."

అతను తల వంచుకున్నాడు.

"నాకు భయమైతాంది అక్కా. కోసేటప్పుడు మత్తిస్తరట. మత్తుల దీపం ఆరిపోతే?"

"నాకూ భయమే. నీకన్న ఎక్కువ. గందుకే కట్టిన." వినోద లేచి నిలబడింది. "అయినా సరే, ముందు దీపం దించి చూసేటోళ్ళు ఉన్న కాడికే నిన్ను తోలుతాన. చొక్కా తియ్యి."

అతను చొక్కా తీశాడు.

వీపు వెనక ముడికి చెమట పట్టి, పోగులు ఒకదాన్నొకటి కరుచుకుపోయాయి. వినోద వేళ్ళు ఎంత తిప్పినా విడలేదు. నూలు కత్తిరించే బ్లేడు అందుకుంది. తను వేసిన ముడిని ఏనాడూ కోసి ఎరగదు ఆమె. ఊపిరి బిగబట్టి ఒక్క గీత గీసింది. గుడ్డ రెండుగా తెరుచుకుని నేల మీద పడింది.

రాజమౌళి ఛాతీ పొంగింది. కమిలిన గీతలు వెడల్పయ్యాయి. అతను డబ్బా గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చాడు. మొదటి బంతి లేచింది. రెండోది కదిలి, ఆగి, కిందికి జారింది.

"డాడీ, ఇంకోపారి!" అంది అక్షర.

"నీయమ్మ, ఇదేమన్న కబడ్డీ ఆటనా?" అన్నాడు ఆయాసపడుతూ. ఆ తర్వాత ప్రేమలత వైపు చూశాడు. పొద్దుటి నుంచి ఆమె వైపు చూడటం ఇదే మొదటిసారి. "ఫోన్ చెయ్యిమను. వస్తానమని చెప్పుమను."

అక్షర వెంటనే హైదరాబాద్ దవాఖానకు ఫోన్ కలిపింది. పేరు చెప్పింది, వయసు చెప్పింది. డాక్టర్ ఫౌజియా పంపిన మనిషి అని చెప్పింది. అవతలి మాట విని ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపల పేషెంట్ దగ్గర ఒక్కళ్ళనే ఉండనిస్తరట. ఎవల పేరు రాసుకోవాలె అంటున్నరు."

రాజమౌళి అక్క వైపు చూశాడు. చిన్నప్పుడు బడి గేటు దగ్గర వదిలినప్పుడు చూసిన చూపు. ప్రేమలత ఎవరి వైపూ చూడలేదు. వంగి, నేల మీద పడిన కట్టు గుడ్డను ఏరుతోంది.

వినోద కళ్ళ ముందు రైలు తలుపు, దూరమైపోతున్న చెయ్యి ఒక్కసారి కదిలాయి. ఆ మెట్లు ఎక్కాలి. ఎక్కి, అక్కడే ఆగిపోవాలి.

"ప్రేమలత," అంది. "ఆయన భార్య అని చెప్పు. నేను స్టేషన్ దాకా వస్త."

ప్రేమలత చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఏదో అనబోయింది. అప్పుడే ఆమె వేళ్ళకు కట్టు గుడ్డలోని మెత్త తగిలింది. మడతలు పెట్టి, దగ్గినప్పుడు మెడ దగ్గర నుంచి పైకి లాగి మూతికి అద్దుకోవడానికి వీలుగా దోపిన మెత్త అది. ఆమె మొదటి మడత విప్పింది. రెండోది విప్పింది.

లోపలి మడతలు గోధుమరంగుకు తిరిగిన మరకలతో గట్టిపడ్డాయి. ఒక దాని మీద ఒకటి, పాతవి, కొత్తవి. అన్నిటికన్నా లోపలి మడతలో మరక ఇంకా ఎండలేదు. ఎర్రగా ఉంది.

"ఇదెప్పటిది?" అంది ప్రేమలత.

రాజమౌళి డబ్బాలో కదలకుండా ఉన్న బంతుల వైపు చూస్తున్నాడు.

"ఒక్కనాడన్న పడ్డదా అని పొద్దుగాల నన్నే అడిగినవ్. ఇదెప్పటిదయ్యా?"

అతనికి దగ్గు వస్తున్నట్టుంది, పెదవులు బిగించి ఆపుకుంటున్నాడు. ఆపుకున్న కొద్దీ మెడ నరాలు ఉబ్బుతున్నాయి.

"థాంక్యూ సార్, గురువారం పొద్దున..." అంటోంది అక్షర.

"ఫోన్ పెట్టకు బిడ్డా," అంది వినోద. తమ్ముడి వీపు మీద, కోసిన ముడి ఉన్నచోటనే ఆమె చెయ్యి గట్టిగా ఆనింది. "గురువారం దాకా ఆగలేమని చెప్పు. ఇప్పుడే బయలెల్తానమని చెప్పు."